పొగ ఏ నూనెది? రోటరీ బండి, రెండు ట్యాంకుల తగవు

“పంపు తగ్గించు” అన్నాను. కిందటి శీతాకాలం ఒక రాత్రి విజయనగరంలో మా ఇంటి అరుగు మీద కూర్చుని, ఇంగ్లండులో ఉన్న మేనల్లుడికి ఫోనులో నేను చెప్పిన వైద్యం అది. రెండే మాటలు. ఆ రెండు మాటలతో యాభై ఏళ్ల నాటి ఇంజిను ఒకదాన్ని చంపబోయాను.

వాడు కొన్నది 1975 నాటి సుజుకి ఆర్‌ఈ-5, రోటరీ ఇంజినుతో నడిచే మోటారు సైకిలు. ఎవరిదో గ్యారేజీలో తొమ్మిదేళ్లు కదలకుండా నిలబడిన బండి. బ్యాటరీ మార్చాడు, కార్బురేటర్ కడిగించాడు, పాత పెట్రోలు పారబోశాడు. “మామయ్యా, స్టార్టయింది! కానీ ఈ పొగ చూడు” అంటూ ఫోను కెమెరా తిప్పాడు. భోగి మంటలో పచ్చి మొద్దు వేసినట్టు నీలం పొగ గుప్పుగుప్పున వస్తోంది.

నాకు తెలిసిన బండి వేరు. నా దగ్గరున్నది యమహా ఆర్‌ఎక్స్ 100, టూ-స్ట్రోక్ బండి. ఇంజినులోకి నూనె కొలిచి పోసే ఆయిల్ పంపు ఇంకా పనిచేస్తున్న ఆర్‌ఎక్స్‌లు నాకు తెలిసినవాళ్లలో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మిగతావాళ్లు పంపు పీకించి, పెట్రోలులోనే నూనె కలుపుకుంటున్నారు. ముప్పై ఏళ్లుగా ఆ చిన్న పంపును చూసుకుంటున్నానన్న గర్వమే నా చేత ఆ మాట అనిపించింది. టూ-స్ట్రోక్ బండి నీలంగా పొగ వదిలితే టూటీ ఆయిల్, అంటే పెట్రోలుతో పాటు కాలే నూనె, ఎక్కువ వెళ్తోందని అర్థం. రోటరీ ఇంజిను కూడా నూనె తాగే ఇంజినే. కాబట్టి అదే మందు. ఇదీ నా తర్కం.

సగం వరకు ఆ తర్కం సరైనదే. అందుకే అది ప్రమాదకరమైంది. పూర్తిగా తప్పయితే ఎవరో ఒకరు వెంటనే పట్టుకుంటారు.

రుబ్బురోలు, పొత్రం

ముందు పేరు గొడవ తీర్చుకుందాం. రోటరీ అన్న మాటకు ఇంజిన్ల లోకంలో రెండు అర్థాలున్నాయి. మొదటి ప్రపంచ యుద్ధం నాటి విమానాల్లో సిలిండర్లతో సహా ఇంజినంతా గిరగిరా తిరిగేది, దాన్నీ రోటరీ అనేవారు. 1920ల తొలి సంవత్సరాల్లో మ్యూనిక్‌లో తయారైన మెగోలా అనే మోటారు సైకిలుకు అలాంటి అయిదు సిలిండర్ల ఇంజిను ముందు చక్రంలోనే ఉండేది. మనం మాట్లాడుకుంటున్నది అది కాదు. ఇది జర్మన్ ఇంజినీరు ఫెలిక్స్ వాంకెల్ పేరుతో పిలిచే ఇంజిను. జర్మనీలోని ఎన్‌ఎస్‌యూ కంపెనీలో దాని తొలి నమూనా 1957 ఫిబ్రవరిలో నడిచింది. సుజుకి ఆ సాంకేతికతకు 1970 నవంబరులో లైసెన్సు తీసుకుని, 1974లో ఆర్‌ఈ-5ను బజారులోకి తెచ్చింది. 497 సీసీ, ఒకే రోటరు, నీటితో చల్లబడే ఇంజిను, 62 హార్స్‌పవర్. ఆరు వేల పైచిలుకు బళ్లు చేసి 1976లో ఆపేసింది. పెట్రోలు ధర మండిపోతున్న రోజుల్లో, పెట్రోలు బాగా తాగే బండిని, మెకానిక్కులు ఎరగని ఇంజినుతో అమ్మబోవడం ఎంత సాహసమో ఊహించుకోవచ్చు.

పనితీరు తెలియాలంటే మన వంటింటి రుబ్బురోలు చాలు. పొత్రం తన చుట్టూ తాను తిరుగుతుంది, అదే సమయంలో గుంట అంచు వెంట కూడా తిరుగుతుంది. పొత్రం గుండ్రంగా కాక మూడు మూలలతో ఉందనుకోండి. గుంట కూడా గుండ్రంగా కాక, నడుము దగ్గర కాస్త నొక్కుకుపోయిన వేరుశనగ కాయ ఆకారంలో ఉందనుకోండి. మూడు మూలలూ ఎప్పుడూ గోడను అంటిపెట్టుకునే ఉంటాయి. మూలకూ మూలకూ మధ్యనున్న ఖాళీ తిరుగుతున్న కొద్దీ పెరుగుతూ, తగ్గుతూ ఉంటుంది. పెరిగేటప్పుడు పెట్రోలు ఆవిరినీ గాలినీ పీలుస్తుంది, తగ్గేటప్పుడు నొక్కుతుంది, అప్పుడు ప్లగ్గు వెలుగుతుంది, పేలుడు రోటరును తోస్తుంది, చివరకు పొగ బయటకు పోతుంది. మధ్యనున్న ఇరుసు మూడు చుట్లు తిరిగితే రోటరు ఒక చుట్టు తిరుగుతుంది. పైకీ కిందికీ కొట్టుకునే పిస్టను లేదు, వాల్వులు లేవు. నడుస్తుంటే కుట్టుమిషనులా నున్నగా ఉంటుందని వాడు మురిసిపోతూ చెబుతుంటాడు.

ఆ మూడు మూలల్లో సన్నని లోహపు పట్టీలు ఉంటాయి. అపెక్స్ సీళ్లని వాటి పేరు, మనం కొన సీళ్లు అనుకుందాం. కింద సన్నని స్ప్రింగు వాటిని గోడకేసి ఒత్తి ఉంచుతుంది. ఇంజిను బతుకంతా ఆ మూడు పట్టీల మీదే ఉంది.

మామూలు ఫోర్-స్ట్రోక్ ఇంజినులో సిలిండరు గోడకు నూనె కింద నుంచి చిమ్ముతుంది. పిస్టను రింగు దాన్ని గీకి తిరిగి కిందికి పంపుతుంది. నూనె తిరుగుతుంది కానీ తరగదు. రోటరీలో ఆ దారి లేదు. రోటరు పక్క గోడల దగ్గరున్న సీళ్లు లోపలి నూనెను బయటకు రానివ్వకూడదు, అవి ఉన్నదే అందుకు. కాబట్టి కొన సీలు జారే గోడకు లోపలి నుంచి చుక్క నూనె అందదు. పైగా ఆ సీలుకు విశ్రాంతి లేదు. పిస్టను రింగు పైకి వెళ్లి, ఒక్క క్షణం ఆగి, వెనక్కి వస్తుంది. కొన సీలు ఆగకుండా గోడ వెంట జారుతూనే ఉంటుంది, అదీ పేలుడు వేడి మధ్య. దానికి కందెన కావాలంటే ఒకటే మార్గం. పీల్చే గాలితో పాటు కొద్దిగా నూనె పంపాలి. అది గోడ మీద పొరగా పరుచుకోవాలి, తర్వాత కాలిపోవాలి.

గుడిలో అఖండ దీపాన్ని తలుచుకోండి. ప్రమిదలో నూనె తగ్గుతోందని పూజారి కంగారుపడడు. తగ్గకపోతే కంగారుపడతాడు.

నూనె పొర సరిగా లేక, కొన సీలు గోడ మీద జారడం మాని గంతులు వేస్తే ఏమవుతుందో మొదట జర్మన్లకూ తర్వాత జపాన్ వాళ్లకూ బాగా తెలిసింది. గోడ మీద వరుసగా అడ్డగీతలు పడతాయి. 1960లలో మాజ్దా ఇంజినీర్లు వాటికి దయ్యపు గోటి గీతలని పేరు పెట్టుకున్నారు. సీలు లోహమూ గోడ పూతా మార్చి మార్చి చూసి, చాలా ప్రయోగాల తర్వాతగానీ ఆ గీతలు వదల్లేదు. సీలు సరైనదైనా నూనె అందకపోతే ఫలితం అరుగుదలే.

ఎవరిని ఏ నూనె చల్లబరుస్తోంది

ఇక్కడి దాకా నా ఆర్‌ఎక్స్ జ్ఞానం పనికొస్తుంది. టూ-స్ట్రోక్‌లోనూ నూనె లోపలికి వెళ్లి కాలిపోవలసిందే. యమహా ఆటోల్యూబ్ పంపు పద్ధతిని 1964లో వైఏ6 బండితో మొదలుపెట్టింది. సుజుకి కూడా అదే దశకంలో తన టూ-స్ట్రోక్‌లకు సొంత పంపు తెచ్చుకుంది. ఆర్‌ఈ-5 నాటికి సుజుకికి ఈ పని కొట్టిన పిండి.

తేడా ఎక్కడంటే, రోటరు లోపలి భాగం కూడా విపరీతంగా కాగుతుంది. మూడు ముఖాల మీదా పేలుడే కదా. దాన్ని ఎవరు చల్లబరచాలి? ఈ ప్రశ్నకు మూడు బళ్లు మూడు జవాబులు చెప్పాయి. నూనెల చిక్కుముడి అంతా ఆ జవాబుల్లోనే ఉంది.

జర్మనీలో 1974లో వచ్చిన హెర్క్యులిస్ డబ్ల్యూ-2000లో, పీల్చుకునే పెట్రోలు మిశ్రమమే ముందు రోటరు లోపలి గుండా వెళ్లి దాన్ని చల్లబరిచి, ఆ తర్వాత మండే గదిలోకి వస్తుంది. మొదట వచ్చిన బళ్లలో పెట్రోలులోనే నూనె కలపాలి. మన పాత బజాజ్ స్కూటరు లాంటి వ్యవహారమే. బ్రిటన్‌లో నార్టన్ 1980లలో చేసిన రెండు రోటర్ల 588 సీసీ బండి గాలిని ముందు రోటర్ల గుండా పీలుస్తుంది. బేరింగులకు పంపు ఇచ్చే నూనె ఆ గాలితో కొట్టుకువచ్చి, కొన సీళ్లకూ అందుతుంది. ఈ రెండింటిలోనూ ఒకే నూనె. వచ్చింది వచ్చినట్టు కాలిపోతుంది.

సుజుకి దారి వేరు. ఇంజిను అడుగున సంపులో మామూలు కారులోలా నూనె ఉంటుంది. అది ఒత్తిడితో బేరింగుల్లోకీ రోటరు కడుపులోకీ వెళ్లి, వేడిని మోసుకుని తిరిగి వస్తుంది. ఇది తిరిగే నూనె, తరగకూడదు. కొన సీళ్ల కోసం వేరే చిన్న ట్యాంకు, వేరే పంపు ఉన్నాయి. యాక్సిలరేటర్ తిప్పిన కొద్దీ ఆ పంపు ఎక్కువ పోస్తుంది. ఇది కాలే నూనె, తరగాలి. ఒక బండిలో రెండు నూనెలు, వాటి ధర్మాలు పూర్తిగా వ్యతిరేకం.

అంటే పొగగొట్టంలోంచి నీలం పొగ వస్తే, అది ఏ నూనెది? నేను అడగవలసిన మొదటి ప్రశ్న అది. అడగకుండానే మందు రాసిచ్చాను.

మాజ్దా కార్లవాళ్లకు ఈ చిక్కు ఇంకో రకంగా ఉంటుంది. అక్కడ కొన సీళ్లకు పోసే నూనెను కూడా సంపులోంచే తోడతారు. కాబట్టి డిప్‌స్టిక్ మీద, అంటే సంపు మట్టం కొలిచే పుల్ల మీద, నూనె తగ్గడం ఆరోగ్యమే. ఆర్‌ఈ-5లో డిప్‌స్టిక్ తగ్గితే జబ్బు. మాజ్దా యజమాని ఇచ్చిన ధైర్యవచనం నమ్మిన సుజుకి యజమాని మునిగినట్టే.

రెండు గీతలు

తర్వాతి రోజు పొద్దున్నే వాడికి ఫోను చేసి, “నాన్నా, పంపును మళ్లీ ముందున్నంతకు పెంచు. ఒక స్కెచ్ పెన్ను తీసుకో” అన్నాను. చిన్న ట్యాంకు మీద నూనె మట్టం దగ్గర ఒక గీత. సంపు మట్టం కొలిచి, నోటు పుస్తకంలో ఇంకో గీత. ప్రతిసారీ ఒకేలా కొలవాలి. బండి నిటారుగా నిలబెట్టి, ఇంజిను ఆపిన తర్వాత బండి సర్వీసు పుస్తకం చెప్పినంత సేపు ఆగి చూడాలి. సైడు స్టాండు మీద ఒరిగిన బండిలో కొలిచిన మట్టం జాతకం లాంటిది, ఎలా కావాలంటే అలా చెబుతుంది. తర్వాత ట్యాంకు నిండా పెట్రోలు కొట్టించి, తిరిగిన కిలోమీటర్లూ పట్టిన పెట్రోలూ రాసుకోవాలి.

లెక్క ఎలాగో నా బండితోనే చెబుతాను. మొన్న 500 కిలోమీటర్లకు 12 లీటర్ల పెట్రోలు పట్టింది. టూటీ ఆయిల్ 180 మిల్లీలీటర్లు తగ్గింది. 12,000ను 180తో భాగిస్తే దాదాపు 67. అంటే ఒక పాలు నూనెకు 67 పాళ్లు పెట్రోలు. ఈ అంకె నా బండిది, రోటరీది కాదు. ఆర్‌ఈ-5కు ఎంత ఉండాలో దాని సర్వీసు పుస్తకమే చెప్పాలి. పద్ధతి మాత్రం ఒకటే. ఒక రోజు కొలతను నమ్మకూడదు. కనీసం రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగాక వచ్చే సగటే నిజం.

చిన్న ట్యాంకు లెక్క ప్రకారం తగ్గి, సంపు కదలకపోతే ఇంజిను బాగుంది. స్టార్టు చేసిన తొలి నిమిషంలో కొంచెం పొగ ఉన్నా పట్టించుకోనక్కర్లేదు. చిన్న ట్యాంకు మామూలుగానే తగ్గుతూ సంపు కూడా తగ్గుతుంటే, రోటరు పక్కనున్న ఆయిల్ సీళ్లు నూనెను మండే గదిలోకి వదులుతున్నాయి. ఏళ్ల తరబడి నిలిచిన బండిలో వాటి రబ్బరు రింగులు గట్టిపడి పట్టు వదలడం సహజం. యాక్సిలరేటర్ ఒక్కసారి వదిలినప్పుడు పొగ మరీ ఎక్కువైతే అనుమానం బలపడుతుంది.

బండి నిలబెట్టి ఉంచిన రోజుల్లో కూడా చిన్న ట్యాంకు తగ్గుతుంటే, దోషం పంపు దాటాక ఉండే చెక్ వాల్వుది. అది ఒంటి దారి తలుపు. లోపల చిన్న గుండు, దాని వెనుక స్ప్రింగు. పంపు తోసినప్పుడే తెరుచుకోవాలి. కాస్త చెత్త ఇరుక్కున్నా, స్ప్రింగు అలిసిపోయినా నూనె తన బరువుకు తానే కారిపోయి లోపల చేరుతుంది. నెల తర్వాత స్టార్టు చేస్తే వీధంతా పొగ. రెండు కిలోమీటర్లు పోయేసరికి ఏమీ ఉండదు. ఈ పొగను చూసే చాలామంది పంపు తగ్గిస్తారు. పంపు తగ్గిస్తే నిలిచి ఉన్నప్పటి కారుడు ఆగదు, నడిచేటప్పటి తిండి మాత్రం తగ్గుతుంది. రోగి పస్తు, దొంగకు విందు.

ఇక నాలుగోది. పొగ అసలే లేదు. చిన్న ట్యాంకు నాలుగు వందల కిలోమీటర్లయినా గీత దగ్గరే ఉంది. బండి హాయిగా లాగుతోంది. యజమాని సంతోషిస్తాడు. నిజానికి భయపడవలసింది ఇప్పుడే, గోడ ఎండిపోతోంది. ట్యాంకులో నూనె ఉందో లేదో చెప్పే దీపం కొన్ని బళ్లకు ఉంటుంది. నూనె వెళ్తోందో లేదో చెప్పే దీపం సాధారణంగా ఏ పాత బండికీ ఉండదు.

మా వాడి నోటు పుస్తకంలో వారం రోజుల తర్వాత తేలింది రెండోది. సంపు తగ్గుతోంది. పంపు ఏ పాపమూ ఎరగదు. నా సలహా విని తగ్గించిన పంపుతో వాడు అప్పటికే కొంత దూరం తిరిగాడు. కొన సీళ్లు దెబ్బతిన్నాయేమోనని కంప్రెషన్, అంటే లోపల గాలిని నొక్కే బలం, చూడమన్నాను. ఇక్కడ కూడా రోటరీ తన పద్ధతిలోనే ఉంటుంది. మామూలు గేజి ఒకే అంకె చూపిస్తుంది, అది మూడు ముఖాల్లో బలమైనదాని అంకె. గేజి గొట్టంలోని చిన్న వాల్వు తీసేసి ఇంజినును సెల్ఫుతో తిప్పితే సూది మూడుసార్లు కొడుతుంది, మళ్లీ మూడుసార్లు. మూడూ సమానంగా ఉంటే బాగున్నట్టు, ఒకటి నీరసంగా ఉంటే ఆ మూల సీలు పోయినట్టు. వాడు వీడియో పంపాడు. డప్పు దరువులా సమానంగా మూడు. ఆ పూట అన్నం సహించింది.

కుమ్మరి పురుగు చేసే అన్యాయం

ఇప్పుడు పంపు సంగతి. నిజానికి పంపు చెడిపోవడం అరుదు. లోపల ఎప్పుడూ నూనెలో మునిగి ఉండే భాగాలకు అరుగుదల తక్కువ. అందుకే పంపును విప్పి లోపల చూడాలన్న కోరికను అదుపులో పెట్టుకోవడమే దానికి చేయగల పెద్ద సేవ. చెడిపోయేది దాని చుట్టూ ఉన్నవి.

మొదటిది ట్యాంకు ఊపిరి. నూనె కిందికి దిగాలంటే పైనుంచి గాలి లోపలికి రావాలి. మూతలోనో, పక్కన సన్నని గొట్టంలోనో అందుకు రంధ్రం ఉంటుంది. ఒకసారి నా ఆర్‌ఎక్స్ గొట్టం కొసలో కుమ్మరి పురుగు మట్టితో ఇల్లు కట్టింది. మన పల్లెల్లో తాళం చెవి రంధ్రాన్ని కూడా వదలని పురుగు అది. బండి మొదటి పది కిలోమీటర్లు బాగానే పోయింది. ఆ తర్వాత ట్యాంకులో ఖాళీ ఏర్పడి, నూనె పంపు దాకా దిగలేదు. గజపతినగరం దాటాక ఇంజిను గొంతు మారడం వినిపించి ఆపాను కాబట్టి సరిపోయింది. మూత విప్పగానే బుస్సున గాలి లోపలికి పీల్చుకుంది. ఆ శబ్దం వింటే రోగం తెలిసినట్టే. ఇంగ్లండులో మా కుమ్మరి పురుగు లేకపోవచ్చు, కానీ తొమ్మిదేళ్ల దుమ్ము ఉంది. పరీక్ష తేలిక. బండి ఓ అరగంట నడిపి, వెంటనే మూత విప్పి చెవి పెట్టాలి.

తర్వాత గొట్టాలు. యాభై ఏళ్ల ప్లాస్టిక్కు గొట్టం పసుపు రంగుకు తిరిగి, ఎండు తాటాకులా పెళుసవుతుంది. చూడటానికి పగులు ఉండదు. కానీ బిగింపు దగ్గర వదులై, నూనె కారకుండానే గాలి పీలుస్తుంది. పంపు కంటే పైన ఉన్న గొట్టం కారుతుంది కాబట్టి తెలుస్తుంది. పంపు తర్వాతి గొట్టంలో గాలి చేరితే బయట చుక్క కూడా కనిపించకపోవచ్చు. పాత గొట్టాన్ని శుభ్రం చేసి తిరిగి వేయడం కక్కుర్తి. నూనె తట్టుకునే కొత్త గొట్టం, లోపలి వ్యాసం పాతదే ఉండేటట్టు, ఎండలో బుడగలు కనబడేలా పారదర్శకమైనది వేయాలి. అదే చేత్తో ట్యాంకు అడుగునున్న జల్లెడ కడగాలి. అక్కడ పేరుకున్న జిగురు చూస్తే ఆ ట్యాంకులో ఎన్ని రకాల నూనెలు పోశారో చరిత్ర తెలుస్తుంది.

గొట్టం విప్పామంటే గాలి చేరినట్టే. నూనెను తోసే పంపు గాలిని తోయలేదు, నొక్కి వదులుతుంది అంతే. గాలి తీసేదాకా ఇంజినుకు నూనె అందదు కాబట్టి, ఆ పని చేసేటప్పుడు పెట్రోలులో కూడా కొంచెం నూనె కలిపి ఉంచాలి. నేను లీటరుకు 20 మిల్లీలీటర్లు కలుపుతాను. ముందు పంపు మీదున్న గాలి స్క్రూ వదులు చేసి, బుడగలు పోయి నూనె నిండుగా వచ్చేదాకా ఆగి బిగించాలి. తర్వాత ఇంజిను నెమ్మదిగా నడుస్తుండగా, యాక్సిలరేటర్ తిప్పకుండా, పంపు మీటను మాత్రం చేత్తో పూర్తిగా తెరిచి పట్టుకోవాలి. గొట్టంలోని బుడగలు చీమల బారులా కదులుతూ పోతాయి. ఆఖరి బుడగ పోయాక కూడా ఒక నిమిషం ఆగుతాను. పొగ విపరీతంగా వస్తుంది, ఇరుగుపొరుగుకు ముందే చెప్పుకోవాలి.

అసలు మనసు పెట్టవలసింది కేబుల్ దగ్గర. యాక్సిలరేటర్ ఒక్కటే, కానీ అది లాగేవి చాలా. నా ఆర్‌ఎక్స్‌లో ఒక తీగ మధ్యలో రెండుగా చీలి, ఒకటి కార్బురేటర్‌కూ ఒకటి పంపుకూ వెళ్తుంది. ఆర్‌ఈ-5లో కార్బురేటర్‌కు తోడు గాలి దారిలో రెండో తలుపు కూడా ఉంది, దానితో పాటు పంపు. తీగలు సాగుతాయి. కార్బురేటర్ తీగ బిగువుగానే ఉండి, పంపు తీగ రెండు మిల్లీమీటర్లు సాగిందనుకోండి. బండి వేగం పుంజుకుంటుంది, నూనె మాత్రం వెనకబడుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు, అంటే గోడకు నూనె ఎక్కువ కావలసినప్పుడు, తక్కువ అందుతుంది. పొగ తగ్గుతుంది కాబట్టి అనుమానం కూడా రాదు.

పంపు మీట మీదా, దాని పక్కన పంపు ఒంటి మీదా కంపెనీ గుర్తులు ఉంటాయి. యాక్సిలరేటర్ ఎక్కడున్నప్పుడు ఆ రెండు గుర్తులూ కలవాలో పుస్తకం చెబుతుంది. కానీ వరుస ముఖ్యం. ముందు ఇంజిను నిమ్మళంగా తిరిగే వేగం సరిచేయాలి. తర్వాత కార్బురేటర్ తీగల వదులు తీయాలి. పంపు గుర్తు అన్నిటికంటే ఆఖరున. చాలామంది ముందు పంపు సరిచేసి, తర్వాత కార్బురేటర్ స్క్రూ తిప్పుతారు. దానితో మొదట చేసిన పని గాలికి పోతుంది. గేరు మార్చినంత సులువుగా ఈ పని అయిపోతుందని చెప్పను. నాకు ఒక పూట పడుతుంది, మా వాడికి రెండు ఆదివారాలు పట్టింది.

అన్నీ అయ్యాక కూడా అనుమానం మిగిలితే కొలిచి చూడవచ్చు. పంపు నుంచి వచ్చే గొట్టాన్ని ఇంజిను దగ్గర విప్పి, మందుల షాపులో దొరికే సూది లేని సిరంజిలో పెట్టి, నూనె కలిపిన పెట్రోలు మీద ఇంజినును పుస్తకం చెప్పిన వేగంతో, చెప్పినన్ని నిమిషాలు నడపాలి. సిరంజి మీది అంకె అబద్ధం చెప్పదు.

ఘాట్ దిగేటప్పుడు

“పంపు పీకేసి పెట్రోలులో కలుపుకుంటే గొడవ వదులుతుంది కదా, మామయ్యా?” అని వాడూ అడిగాడు. మా ఊళ్లో నన్ను అడగనివాళ్లు లేరు.

శృంగవరపుకోట నుంచి అనంతగిరి మీదుగా అరకు వెళ్లి, తిరిగి దిగుతున్నామనుకోండి. దిగువకు యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేస్తాం. గేరులోనే ఉండటం వల్ల ఇంజిను మాత్రం వేగంగా తిరుగుతూనే ఉంటుంది. పెట్రోలు చాలా తక్కువ వెళ్తోంది. నూనె పెట్రోలులో ఉంటే అదీ అంతే తక్కువ. సీళ్లు మాత్రం గోడ మీద జోరుగా జారుతున్నాయి. పంపు ఉన్న బండిలో మీట కనిష్ఠ స్థితిలో ఉన్నా, పంపు తిరిగేది ఇంజినుతో పాటే కాబట్టి ఎంతో కొంత పోస్తూనే ఉంటుంది. కలిపే పద్ధతిలో ఘాట్ దిగేవాళ్లు మధ్యమధ్య ఒకసారి యాక్సిలరేటర్ తిప్పాలని మన పాత స్కూటరు తరంవాళ్లకు తెలుసు. ఇప్పటి కుర్రాళ్లకు చెప్పేవాళ్లు లేరు.

ఎదుటి వాదన కూడా న్యాయమైనదే. పంపు ఎప్పుడు ఆగిపోతుందో తెలియదు, కలిపిన నూనె మోసం చేయదు. అందుకే కొందరు పంపును ఉంచుకుని, పెట్రోలులో కూడా కాస్త కలుపుతారు. కొత్తగా లేచిన బండికి మొదటి రెండు మూడు ట్యాంకుల వరకు ఇది మంచి పనే. జీవితాంతం అయితే ప్లగ్గూ పొగగొట్టమూ మసిబారతాయి. నా మాటైతే, పంపు ఉన్న బండికి పంపే ఉండాలి, దాన్ని కనిపెట్టుకుని ఉండే ఓపిక యజమానికి ఉండాలి. ఆ ఓపిక లేనివాళ్లకు కలుపుకోవడమే క్షేమం. ఇందులో చిన్నతనం ఏమీ లేదు.

ఏ నూనె పోయాలన్నది ఇంకో తగవు. మొదటి మాట బండి పుస్తకానిదే. అందులో ఉన్న కారణం అర్థమైతే చాలు. ఫోర్-స్ట్రోక్ నూనెలు తిరగడానికి తయారైనవి, వాటిలో అరుగుదల తగ్గించే లోహపు రసాయనాలు కలుపుతారు. కాలితే అవి బూడిదగా మిగులుతాయి. ఆ బూడిద కొన సీలు కూర్చునే గాడిలో చేరితే సీలు ఇరుక్కుంటుంది. టూ-స్ట్రోక్ నూనెలు కాలడానికే తయారైనవి, బూడిద తక్కువ. డబ్బా మీద జపాన్ ప్రమాణమైన జాసో గుర్తు ఎఫ్‌సీ, ఎఫ్‌డీ అని ఉంటే తక్కువ పొగ రకం. అయితే పాత పంపు ఒక మందం నూనెకు అలవాటు పడి ఉంటుంది. మరీ పలుచనా మరీ చిక్కనా కాని రకం ఎంచుకుని, మారిస్తే ట్యాంకూ గొట్టాలూ ఖాళీ చేసి మార్చాలి, కలపకూడదు.

ఆమదాలవలస పేరు విన్నప్పుడల్లా నాకు ఒకటి గుర్తొస్తుంది. మొదట్లో చెప్పిన ఆ గిరగిర తిరిగే విమానాల ఇంజిన్లకు కందెన మన ఆముదమే. పెట్రోలులో కరగదు, వేడికి తట్టుకుంటుంది. క్యాస్ట్రాల్ అన్న పేరు పుట్టింది కూడా ఆముదానికున్న ఇంగ్లీషు పేరులోంచే. ఆ నూనె పొగ మింగిన పైలట్ల కడుపులు ఏమయ్యాయో మన అమ్మమ్మలు చెప్పగలరు. రేసులవాళ్ల ఆముదం నూనె అంటూ ఎవరైనా మీ పాత బండి చిన్న ట్యాంకులో పోయబోతే మాత్రం చెయ్యి పట్టుకోండి. చాలా ఖనిజ నూనెలతో కలవదు, నిలిస్తే జిగురవుతుంది, పంపులోని సన్నని దారులు మూసుకుపోతాయి.

నిలబెట్టే బండి గురించి ఒక మాట. శ్రీకాకుళంలో సముద్రానికి దగ్గరగా, కళింగపట్నం వైపు ఉండేవాళ్లకు ఉప్పుగాలి చేసే పని తెలుసు. నెలల తరబడి కదలని రోటరీలో కొన సీళ్లు గోడను ఒకేచోట తాకి ఉంటాయి. అక్కడ నూనె పొర ఆరిపోతే తుప్పు గీత పడుతుంది. తర్వాత ప్రతి చుట్టుకూ సీలు ఆ గీత మీద కొట్టుకుంటుంది. నెలకొకసారి ప్లగ్గు రంధ్రంలోంచి చెంచాడు నూనె వేసి, ఇంజినును చేత్తో కాస్త తిప్పి వదిలేస్తే చాలు. ఉత్తినే రెండు నిమిషాలు స్టార్టు చేసి ఆపడం కంటే ఇది మేలు. సగం వేడెక్కిన ఇంజినులో నీటి ఆవిరి అక్కడే మిగిలిపోతుంది.

మా వాడి బండి ఇప్పటికీ పొగ వదులుతూనే ఉంది. పంపు గుర్తు దగ్గరే ఉంది, చిన్న ట్యాంకు లెక్క ప్రకారం తగ్గుతోంది. సంపు మట్టం వారం వారం రాసి పంపుతున్నాడు. ఆయిల్ సీళ్లు మార్చాలంటే ఇంజినును దించి, రోటరును బయటకు తీయాలి. సీళ్ల కోసం ఎక్కడెక్కడో వెతికి, ఒక చోట దొరికాయని మొన్న చెప్పాడు. “విప్పేటప్పుడు నువ్వు ఫోనులో ఉండాలి, మామయ్యా” అన్నాడు. ఉంటాను గానీ, ఈసారి నేనేమీ చెప్పనన్నాను.